రాతి గుంటలో చెయ్యి

పూడిమడక తీరంలో, రాళ్ల మధ్య, రోజలిన్ కుడిచెయ్యి ఇరుక్కుపోయింది. అనకాపల్లి కాలేజీలో ఆమె జువాలజీ మేడం. 2006 ప్రాక్టికల్స్‌కి సీ అర్చిన్ అనే సముద్రజీవి కావాలని గాజు జాడీ పట్టుకుని, భర్త జాన్ బాబుని వెంటబెట్టుకుని వచ్చింది.

రాతిలో తానే తొలుచుకున్న గుంటలో నల్లటి ముళ్ల బంతిలా ఉంది ఆ జీవి. గ్లవ్స్ తొడుక్కుని దాని వెనక్కి వేళ్లు పోనిచ్చింది. అది వెంటనే ముళ్లన్నీ నిక్కించి గుంట గోడలకు తన్నిపెట్టింది. వేళ్లు మధ్యలో నలిగాయి.

కూర్చున్న రోజలిన్ నడుము దాటింది కెరటం. జాన్ బాబు ఆమె భుజం పట్టుకుని గుంజాడు.

"లాగకండి! లాగితే ఇంకా బిగిసిపోతాది."

"మరేటి సెయ్యమంటావు? పోటొచ్చేత్తంది! రాయెట్టి దాన్ని పగలగొట్టేత్తాను."

"వద్దు! కెరటాలు దానికి అలవాటే. పట్టి లాగితేనే దానికి భయం. నన్ను వదిలెయ్యండి."

"వదిలితే కెరటం నిన్ను రాయికేసి కొట్టేత్తాది!"

"మీరు లాగినంతసేపూ అది వదలదు. ఒక్కసారైనా నా మాట వినరా?"

అతను వదిలేశాడు. తర్వాతి కెరటం ఆమె తల మీదుగా పోయింది. రోజలిన్ ఎడమచేత్తో రాతిని కరుచుకుంది. కుడిచేతి వేళ్లు మాత్రం కదపలేదు.

నీళ్లు వెనక్కి తగ్గాయి. గుంటలో ఒక ముల్లు మెల్లగా వాలింది. తర్వాత ఇంకొకటి. ముళ్ల సందుల్లోంచి దారాల్లాంటి కాళ్లు బయటికొచ్చి రాతిని తడుముకున్నాయి. ఆమె ఒక్కో వేలూ వెనక్కి తీసుకుంది.

జాడీ ఎప్పుడో కొట్టుకుపోయింది. ముట్టుకోవచ్చో లేదో తెలియక జాన్ బాబు చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

నెత్తురు కారుతున్న చెయ్యి అతని ముందుకు చాపింది రోజలిన్.

"ఇప్పుడు పట్టుకోండి."