వెనక సీటు

ఇశ్రాయేలు కారు కింద వెల్లకిలా పడుకుని, నట్లన్నీ చేత్తో ఎక్కించి వదిలేశాడు. పానా ముట్టలేదు. జాకీ దించి, బండిని షెడ్డులో తవ్విన రిపేరు గుంత మీదికి తోసి, నాలుగు చక్రాలూ నేలకు ఆనాక ఆ గుంతలో నిలబడి చేసేదే అసలు బిగింపు. బండి గాల్లో ఉండగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్షులు మెలిపడి త్వరగా చిరుగుతాయి. ఆ ఓపిక ఎంతమందికి ఉంటుంది? చిన్న కార్ల సస్పెన్షన్ అంటే పాతబస్తీ జహనుమాలో అందరూ ఆయన షెడ్డు దారి పట్టేది అందుకే.

ఆ కారు పాలవ్యాపారం చేసే అంజన్‌ది. చవకలో కొన్న పాత బండి. మలుపుల్లో ఒరుగుతోందని ఎవరి మాటో విని స్ప్రింగులు కోయించి ఎత్తు తగ్గించాడు. మలుపుల్లో నిలిచింది గానీ గతుకుల్లో గుర్రంలా ఎగరసాగింది. వెన్నుకు ఆపరేషనయిన అతని తల్లి రుక్మాబాయి ఒక్కసారి ఎక్కి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఇక చచ్చినా ఎక్కనంది. బేగంబజార్‌లోని చెల్లెలిని చూడాలని ఎంత ఉన్నా గడప దాటడం లేదు. అమ్మ నొప్పి లేకుండా ఈ బండెక్కాలి. అంజన్ కోరింది అదొక్కటే.

ఇశ్రాయేలు కోసిన స్ప్రింగులు తీసి సరైనవి వేశాడు. మంచి షాకబ్జార్బర్లు ఎంచి పెట్టాడు. మలుపుల పట్టు పోకుండా, బండి పక్కకు ఒరగనీయని అడ్డకడ్డీ లావుది బిగించాడు. పొద్దున ఛాతీలో పట్టేసినట్టుందని నోరుజారితే భార్య ఆగమ్మ పనికి వద్దంది. గ్యాసని కొట్టిపారేసి వచ్చాడు. మొండిఘటం! పనిలో పడితే అన్నమే గుర్తుండని మనిషికి నొప్పి గుర్తుంటుందా?

గుంతలో దిగి నట్లన్నీ పానాతో బిగించాక, మధ్యాహ్నానికి ట్రయలు. ఎవరి బండెక్కినా షెడ్డు గడప పక్కన చెప్పులు విప్పి ఎక్కడం ఆయన అలవాటు. చెప్పుల గ్రీజు పరాయివాళ్ల బండికి అంటకూడదు. స్టీరింగు అంజన్‌కు అప్పగించి, వెనక సీట్లో రుక్మాబాయిలాగే కాళ్లు ముడుచుకుని ఒరిగాడు.

"నువ్వు నడుపవా అన్నా?"

"ముంగట కూసున్నోనికి గుంత కండ్లకు కనవడ్తది తమ్మీ. ఎనక పండుకున్నోనికి నడుముకే తెలుస్తది. రోజు పోయినట్లే పో."

ఫలక్‌నుమా వైపు తవ్వి వదిలేసిన రోడ్డంతా అంజన్ గుంతలు వెతుక్కుంటూ పోనిచ్చాడు. మలుపులో బండి నేలను కరుచుకుని తిరిగింది. ఇంకోసారి తిప్పమన్నాడు ఇశ్రాయేలు. తిప్పాడు. పసివాడిలా మురిసిపోయాడు పెద్దమనిషి.

"అయింది. రేపే అమ్మను ఆమె చెల్లె ఇంటికి తీస్కపో. ఏం ఫికర్ లేదు."

ఆ తర్వాత మాట లేదు. కునుకు పట్టిందనుకుని అంజన్ సంబరపడ్డాడు. షెడ్డు ముందు ఆపి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. దిగి భుజం తట్టాడు. అదే కారులో ఆసుపత్రికి ఉరికించాడు గానీ, ఇశ్రాయేలు దారిలోనే వెళ్లిపోయాడన్నారు డాక్టర్లు.

మర్నాడు రుక్మాబాయి చెల్లెలి ఇంటికి పోలేదు. ముందు ఆగమ్మ దగ్గరికి పోదామంది. వెనక సీట్లో ఒరిగి, ప్రతి గుంత దగ్గరా పళ్లు బిగబట్టి నొప్పి కోసం చూసింది. నొప్పి రాలేదు. ఏడుపు వచ్చింది.

"బంగారు చేతులు బిడ్డా," అని, షెడ్డు రాగానే ఆపమంది.

తలుపుకు తాళం వేసి ఉంది. గడప పక్కన, మడమల దగ్గర అరిగిన ఆయన చెప్పుల జత విప్పినచోటే ఉంది.