పదిహేడో నంబరు సీటు

చింతపండు నానబెట్టినప్పుడే మా సంసారం సంగతి తేలిపోతుంది. అందులో చింత నాది, పండు మా ఆయనది. కార్తీకమాసం, రెండో ఆదివారం. ఇంకా తెలవారలేదు, నలభై ఐదుమందికి పులిహోర కలుపుతున్నాను. దీన్ని వనభోజనాలంటారు. వనం వాళ్లకి, భోజనాలు నాకు. వీధి చివర బస్సు హారన్ కొట్టింది. "అనూ, బుట్టలెక్కడే?" అంటూ మా ఆయన ఉమాశంకర్ వంటింట్లోకి తొంగిచూశారు. ఆయన పేరులో ఉమ ఉంది గానీ, బస్సులో ఎప్పుడూ శంకరుడొక్కడే.

విజయనగరంలో ఓ సర్కారు ఆఫీసులో ఆయన సూపరింటెండెంటు. ఆఫీసువాళ్లతో 'ఒక్కరోజు విహారం' అని వాట్సాప్ గ్రూపు పెట్టారు. పొద్దున్న వెళ్లి రాత్రి భోజనానికి ఇల్లు చేరిపోవాలి. తాటిపూడి, రామతీర్థం, బొబ్బిలి కోటా వీణలు చెక్కేవాళ్లూ, చింతపల్లి సముద్రం, ఒడిశాలోకి దాటితే రాయగడ మజ్జిగౌరమ్మ. మూడేళ్లలో ఇరవై మూడు ట్రిప్పులు. ఇరవై మూడు ప్లాన్లూ నావే. ప్లాన్లు నావి, ఫ్యాన్లు ఆయనకి.

ఒక్క ఊరూ చూడకుండా ఎలా రాశానని అడుగుతారేమో. అడిగి రాశాను. చేపలమ్మే దేముడమ్మని గుమ్మంలో కూర్చోబెట్టి, అలలు ఏ వేళ వెనక్కి తగ్గుతాయో, పిల్లల్ని ఎక్కడ దింపొచ్చో అడిగాను. పక్కింటి కండక్టరు భార్యని అడిగి ఏ రోడ్డు గోతులో రాసుకున్నాను. అన్నిటికన్నా ముందు ప్రతి ఊళ్లోనూ ఒకటే అడిగేదాన్ని: అవసరమొస్తే ఆడవాళ్లు ఎక్కడికి వెళ్తారు? ఆ మాట కాగితం మీద రాస్తే మా అత్తగారు లక్ష్మణమ్మ ఊరుకోరు. "ఏటే ఆ రాతలు? సిగ్గూ ఎగ్గూ నేదా?" అంటారు. అందుకని అక్కడ మాటకి బదులు ఎర్రటి బొట్టుబిళ్ల అతికించేదాన్ని. బిళ్ల ఉన్నచోట బస్సు ఇరవై నిమిషాలు ఆగాలి. మా ఆయనకి మొదటి ట్రిప్పప్పుడే చెప్పాను. ఆయన తలూపారు. ఆయన దేనికైనా తలూపుతారు, అదో వ్యాయామం.

ఇరవై నాలుగోది మాత్రం నా ట్రిప్పు. అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, చివర్న సాయంత్రానికి తేలినీలాపురం పక్షులు. ఆ పక్షుల కోసమే మిగతా ఊళ్లన్నీ పేర్చాను. ఈసారి నేనూ వస్తానన్నాను. "రా, వద్దన్నదెవులు?" అన్నారాయన. సీట్ల పట్టికలో నా చేత్తో నేనే రాసుకున్నాను: పదిహేడు, అనూరాధ, కిటికీ పక్క. తేలినీలాపురం పేజీ మాత్రం ఖాళీగా వదిలేశాను. ఒక్క ఊరైనా కళ్లారా చూసి రాద్దామని.

నిన్న సాయంత్రం టీ తాగుతూ చల్లగా చెప్పారు. "పెద్దాఫీసరు గారి బామ్మర్ది వొస్తన్నాడంట. ఒక్క సీటు తగ్గిపోనాది. నిన్ను కాక ఇంకెవుల్ని దింపీగలను?" మొహం ఎంత చిన్నబుచ్చుకున్నారంటే, పాపం అనిపించి నేనే ఓదార్చాను. "పోనీలెండి, పక్షులు ఏటా వస్తాయి" అన్నాను. ఇస్త్రీ చేసిన చీర మళ్లీ బీరువాలో పెట్టి చింతపండు తీశాను.

పది దాటింది. మూకుళ్లు తోముతున్నాను. యాత్ర వాళ్లది, పాత్ర నాది. ఫోను మోగింది. మా ఆయన సెక్షన్‌లోనే పనిచేసే హేమ.

"వదినా, వాంతులు తగ్గాయా?" గుసగుసగా అడిగింది.

"ఎవరికి?"

"మీకే. బస్సెక్కితే మీకు పడదు కదా, అందుకే ఏ ట్రిప్పుకీ రారని అన్నయ్య ఎప్పుడూ చెప్తారు. ఈసారైనా వస్తారనుకున్నాం. మీ పదిహేడో సీటు అలాగే ఉంది వదినా, పులిహోర బుట్టలు పెట్టాం."

"ఆఫీసరు గారి బామ్మర్ది రాలేదా?"

"ఆయనకి బామ్మర్దే లేడు. అది సరే గానీ, చచ్చిపోతన్నాం వదినా. ఇప్పుడే శ్రీకూర్మం దాటీసాం, ఈసారీ పొద్దున్నుంచి ఆడవాళ్ల అవసరానికని ఎక్కడా ఆపలేదు. అడిగితే ప్లాన్‌లో లేదంటన్నారు. కాగితం నేనూ చూశాను, టైపు చేసింది, లేదు. మీకు అన్నయ్య ఏమైనా చెప్పారేమోనని చేశాను. ప్రతి ఊరికీ ఆదివారాలు ముందుగా వెళ్లి, తిరిగి చూసొచ్చి మరీ రాస్తారంట కదా!"

నా ప్లాన్ టైపు కొట్టించినప్పుడల్లా బొట్టుబిళ్లలు రాలిపోయాయన్నమాట. మొదట్లో నేను చెప్పింది వినకుండానే తలూపి, ముస్తాబు కోసం అతికించానని అనుకుని ఉంటారు.

కుళాయి కట్టేశాను. ఆదివారాలు ఆయన వెళ్లేది ముందుగదిలో పడక్కుర్చీ దాకా. అక్కడ పడుకునే ఇరవై మూడు ఊళ్లు తిరిగొచ్చారు, నేను తెచ్చిచ్చిన టీ తాగుతూ. అది పోనీ. నా పేరు కాగితం మీద ఉండదని నాకు తెలుసు. ఇంటి గుమ్మం మీదా లేదు, గ్యాసు పుస్తకం మీదా లేదు. కానీ నేను బస్సెక్కితే? దారిలో ఎవరో ఏదో అడుగుతారు, నాకు తెలుసు కాబట్టి నోరు జారి చెప్పేస్తాను. అందుకని నాకు జబ్బు అంటగట్టారు. ఒక్కసారి కాదు, ఇరవై మూడు ట్రిప్పులకీ ఇరవై మూడుసార్లు బస్సునిండా మనుషుల ముందు నాకు వాంతులు చేయించారు. నేనిక్కడ క్యారేజీలు సర్దుతుంటే అక్కడ వాళ్లంతా "పాపం, ఆవిడకి పడదు" అని నా పులిహోర తింటూ నామీద జాలిపడ్డారు. నిన్న ఆ మొహం చిన్నబుచ్చుకోవడం కూడా అబద్ధమే. నేను ఓదార్చాను చూడండి, అక్కడ మండింది. మోసపోయినందుకు కాదు, మోసం చేసినవాడి వీపు నిమిరినందుకు.

"వదినా, ఉన్నారా?"

"ఉన్నాను. మరో రెండు కిలోమీటర్లకి ఎడమవైపు నీలం గేటు ఇల్లు వస్తుంది. టైలరు కుమారి. నాకు ఫోన్లోనే పరిచయం. నా పేరు చెప్పు, లోపలికి రమ్మంటుంది. అందరూ వెళ్లండి, తొందరపడకండి."

"థాంక్స్ వదినా. మీరు పడుకోండి. వాంతులకి నిమ్మకాయ..."

"తగ్గాయి హేమా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

చీర మళ్లీ బీరువాలోంచి బయటికొచ్చింది. "మద్దినేళ నాకేటి వొండుతావు?" అన్నారు అత్తగారు. "పులిహోర ఉందండి. నేను తేలినీలాపురం వెళ్తున్నాను." ఆవిడ బుగ్గన వేలేసుకుని, "ఒక్కత్తివే? మొగుణ్నడిగినావేటి?" అన్నారు. "ఆయన కూడా అక్కడికే వస్తారు, అక్కడడుగుతాను" అన్నాను.

పలాస పాసింజరెక్కి నౌపడలో దిగాను, అక్కణ్ణుంచి ఆటో. ఒక్క వాంతీ కాలేదు. ఆకలేసింది, రెండు బజ్జీలు తిన్నాను.

తేలినీలాపురంలో చెట్లకి ఆకులకన్నా పక్షులెక్కువ. ఒకటే గోల. మా ఇంట్లో ఆడది ఇంత గొంతెత్తితే ముందు కిటికీలు మూస్తారు. చెట్టు కింద పేడ ఎత్తుతున్న అసిరమ్మ అనే ముసలామె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏ ఊరమ్మా? ఒక్కదానివే వొచ్చినావా?"

"విజయనగరం. వీటిని చూద్దామని."

"సూడు సూడు. మా ఆడపిల్లలమ్మా ఇవి. ఏటేటా పురిటికొస్తాయి. ఇవొచ్చినాయంటే మా ఊళ్లో టపాకాయి కూడా కాల్చం."

"మరి అల్లుళ్లు?"

"ఆళ్లూ వస్తారు. అదిగో, పుల్లలు మోస్తన్నాడు సూడు. పుల్ల తేకపోతే ఆ గూడబాతు ఊరుకుంటాదేటి!"

నిజంగానే ఒకటి ముక్కున పుల్ల పట్టుకొచ్చి ఇంకోదాని ముందు పెడుతోంది. ఎంతసేపు చూశానో తెలీదు. తోమాల్సినవేవీ నాకు గుర్తు రాలేదు.

నాలుగున్నరకి బస్సొచ్చింది. ముందుగా మా ఆయన దిగారు, చేతిలో టైపు కాగితాలు. నన్ను చూసి మెట్టు దగ్గరే ఆగిపోయారు. వెనకాలే దిగిన హేమ "వదినా!" అని కేకేసి, నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఆయన గబగబా నా పక్కకొచ్చి గొంతు తగ్గించారు.

"ఏటనూ ఇది? పరువు తీసీకు. సర్‌ప్రైజ్ అని సెప్పీ. వాంతుల మాత్రేసుకుని వొచ్చినానని సెప్పు."

అంతలో జనం చుట్టూ మూగారు. "సార్, ఈ పక్షులేంటి? ఈ ఊరే ఎందుకొస్తాయి? చెప్పండి సార్!" ఆయన కాగితాలు తిరగేశారు. చివరి పేజీ ఖాళీ. మళ్లీ తిరగేశారు. తర్వాత నావైపు చూశారు. ఉప్పు అందించమన్నట్టు, తువ్వాలు తెమ్మన్నట్టు, ఇరవై రెండేళ్లుగా చూస్తున్న అదే చూపు.

"సెప్పీయే, ఎదురు సూస్తన్నారు" అని నా చెవి దగ్గరికి వంగారు.

చెప్పాను. ఆయన చెవిలో కాదు. పక్షుల గోల దాటి నలభై నాలుగుమందికీ వినబడేట్టు, మొదటి ట్రిప్పు దగ్గర్నించి.