వడ్రంగి పెళ్ళాం తుంటి

నేను పడ్డానని ఇంట్లో అందరూ అంటారు. పడలేదు. బాత్‌రూం గుమ్మం దాటబోతుంటే తుంటిలో టక్కుమని చప్పుడైంది. ఆ తర్వాతే కూలబడ్డాను. ఈ వరస చెబితే వినేవాడేడీ? మా ఆయన అప్పటికే కోర్టు పెట్టేశాడు. ముద్దాయి మా కోడలు. నేల తడిబట్టతో తుడిచిందట, అదీ నేరం. పిచ్చిది, ఆస్పత్రిలో గోడవైపు తిరిగి ఒకటే ఏడుపు.

"నేల పొడిగానే ఉందయ్యా" అంటే, "దాన్ని వెనకేసుకు రాకు" అని నన్నే కసిరాడు. లేవగలిగుంటే నాలుగు తగిలించేదాన్ని. మళ్ళీ లేస్తానా అన్నదే నా భయం.

ఎముకల డాక్టరు మా మనవడి ఈడువాడు. ఎక్స్‌రే చూసి, "మామ్మగారూ, మీరు పడి విరగలేదు, విరిగి పడ్డారు. ఎముకలు గుల్లబారాయి. ఎండలోకి వెళ్తారా? నడుస్తారా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "నేనుండగానా? మోకాళ్ళ నొప్పులంటే పదేళ్ళ కిందటే నా చేతుల్తో చక్రాల కుర్చీ చేసిచ్చానండీ. టేకు! ఎక్కడికైనా నేనే తోస్తా. బాత్‌రూముకి తప్ప దిగనివ్వను."

డాక్టరు ఎక్స్‌రే వైపూ, ఆయన వైపూ చూశాడు. కోడలు ఇటు తిరిగింది. ముసలాయన మాత్రం మెప్పు కోసం చూస్తున్నాడు. విషయం బుర్రకెక్కడానికి నిమిషం పట్టింది. ఎక్కాక ముఖం పాలిపోయింది. కోడలికి సారీ చెప్పడం చేతకాక, వెళ్ళి కాఫీ తెచ్చిచ్చాడు.

ఆపరేషనైన మర్నాడు వ్యాయామం చేయించే అమ్మాయి వాకరు తెచ్చింది. "ఇవాళే నిలబడాలి మామ్మగారూ. బద్ధకిస్తే మంచానికే అంటుకుపోతారు."

లేచాను. ప్రాణం కళ్ళలోకొచ్చింది. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, ఎవరినని అడక్కండి. ఒక అడుగు. రెండు.

"పడతావే!" అంటూ మా ఆయన అడ్డంగా వచ్చి రెండు చేతులూ చాచాడు. "నీ మంచికే చేశానే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"తెలుసు. పదేళ్ళూ మహారాణిలా కూర్చున్నది నేను కాదూ?" నాకూ ఏడుపు ఆగలేదు. ఆ చేతుల్లో వాలిపోవాలని ఎంత అనిపించిందో!

"తప్పుకో" అన్నాను.

తప్పుకున్నాడు. మూడో అడుగు వేశాను.