రాజావారి పడవలో గెడ

నేను కడుపులో ఉండగానే మా నాయన మాల్యాద్రి తుఫానులో పోయాడు. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. రాజావారు పులికాట్ సరస్సులో బాతుల వేటకు వచ్చినప్పుడల్లా పడవకు గెడ వేసి నడిపింది ఆయనే. ఒకసారి మద్రాసు చిత్రకారుడొకడు ఆ పడవను, మనుషులను గీసుకుపోతుంటే అమ్మ గట్టున నిలబడి చూసిందట. పందొమ్మిది వందల అరవై ఒకటిలో, రాజావారి కోటలో గీయించి పెట్టిన బొమ్మలు జనానికి చూపిస్తున్నారని తెలిసింది. ఇంకేముంది, అమ్మ నా ప్రాణం తోడేసింది.

"నీ నాయన మొగం నీకు చూపిచ్చి సస్తానే పిచ్చమ్మా" అంది. తనకేమో అప్పటికే రెండు కళ్లకూ పొర కమ్మి, వెలుగూ చీకటీ తప్ప తెలియదు.

నాయుడుపేటలో బస్సు మారి వెళ్లాం. గుర్రపుశాలలు, రాణివాసం దాటుకుంటూ కోట వీధంతా తిరిగేసరికి అమ్మ కాళ్లు పీకాయి. కాఫీ హోటల్లో కూర్చోబోతే, "చేపల కంపు, బయటికి పోండి" అన్నాడు యజమాని. వాడి నోట్లో మన్ను పడ. వీధిలోనే నిలబడి తాగాం.

బొమ్మల హాల్లో సంజీవరావనే ఉద్యోగి పదిమందిని వెంటేసుకుని కబుర్లు చెబుతున్నాడు.

"ఈ వేట బొమ్మ చూడండి. పడవవాడు లేడు, గెడ మాత్రం నిటారుగా నిలబడింది" అన్నాడు. జనం నవ్వారు. "గెడ వేసేవాడు నిలబడాల గదా? కూర్చున్న రాజావారి తలకంటే వాడి తల పైకొచ్చిందని, దివాను వాడి మీద మబ్బు రంగు పూయించినాడు."

"ఎందుకు లేడు? గీసేటప్పుడు నేను చూసినా" అంటూ అమ్మ జనాన్ని తోసుకుని వెళ్లి బొమ్మ మీద చేతులు వేసింది. తడిమి తడిమి ఒకచోట ఆగింది. "ఇదిగో, గరుకుగా ఉండాది. ఆయన గడ్డమే."

"అదే మబ్బు, ముసల్దానా" అన్నాడు సంజీవరావు. మళ్లీ నవ్వులు. వాళ్ల నోళ్లు పడిపోను, అందులో నవ్వడానికేముంది?

అమ్మ చెయ్యి తియ్యలేదు. "వాళ్ల మాట నాకెందుకు. నువ్వు చెప్పవే. నాయన కనపడతా ఉండాడా?"

"ఉండాడమ్మా" అన్నాను.

"ఎట్టుండాడు?"

ఆ ముఖం నేనెప్పుడు చూశాను గనక?

"అచ్చం నా మాదిరే ఉండాడు" అన్నాను.

అమ్మ చెయ్యి తీసేసింది.

"నీకు ఆయన పోలిక ఒక్కటీ రాలేదు గదే" అంది.