అరవై నాలుగో గడి

సిద్దిరాములు మగ్గం మీది నూలును దువ్వెనలాంటి ఇనుప పంజాతో రెండు దెబ్బలు కొట్టాడు. పక్కనున్న బండ మీది చెక్క గుర్రాన్ని ఒక ఎత్తు కదిపాడు. మళ్లీ రెండు దెబ్బలు. నేతగాళ్లుండే కొత్తవాడలో ఇంత పనికిమాలిన మనిషి ఇంకొకడు లేడు. ముప్ఫై ఏళ్లుగా నేసేది షత్రంజీలే, పెళ్లి పందిళ్లలో జనం కూర్చునే జంపఖానాలు. ముప్ఫై ఏళ్లయినా అంచు తిన్నగా రాదు. వస్తుందా మరి, కన్ను బండ మీదుంటే!

పోనీ, చదరంగమైనా నలుగురిలా ఆడతాడా? ఎదుటివాడు లేడు, రాజు లేడు, మంత్రి లేడు. సుద్దతో గీసిన అరవై నాలుగు గళ్లు, ఒక గుర్రం. అది తన నడకతోనే, రెండు గళ్లు ముందుకూ ఒకటి పక్కకూ ఎగురుతూ, తొక్కిన గడి తొక్కకుండా అన్నీ తిరిగి రావాలి. పదకొండేళ్లుగా అరవై మూడు దగ్గర ఆగిపోతోంది. వాడకట్టంతా అతన్ని గుర్రపోడనే పిలుస్తుంది.

ఆ పొద్దున గుర్రం అరవై నాలుగో గడిలో దిగింది. సిద్దిరాములు పంజా కింద పెట్టాడు. ఎక్కడ మరిచిపోతానోనని కాగితం మీద గళ్లు గీసి, గుర్రం తిరిగిన వరుసలో ఒకటి నుంచి అరవై నాలుగు దాకా అంకెలు వేసుకున్నాడు.

"భాగ్యా, అయిందే!"

"షత్రంజా?" వంటింట్లోంచి పెళ్లాం భాగ్యమ్మ అడిగింది.

"కాదే, గుర్రం."

"నీ గుర్రం మన్నువడ! అంబలి సల్లారుతాంది, తాగు."

అతనికి కావలసిందల్లా ఒక్క మనిషి. చూసి "ఔను" అంటే చాలు.

మధ్యాహ్నం నేతగాళ్ల సంఘం ఆఫీసు ఊడ్చే మొగిలమ్మ వచ్చింది. "అన్నా, రాజేశ్వర్ రావు సార్ నీ షత్రంజి సూస్తడట. జెల్ది పట్టుకరమ్మన్నడు."

సంఘం అధ్యక్షుడు రాజేశ్వర్ రావు హన్మకొండ క్లబ్బులో చదరంగం గెలుస్తాడని పేరు. ఉర్దూలో చదరంగాన్ని షత్రంజ్ అన్నట్టే, ఆయన నోట చదరంగమంటే షత్రంజే. రోజుకు నూరుసార్లు తానే పలికే మాట సిద్దిరాములు చెవిలో ఆ ఒక్కసారి తిరగబడింది. ఆశ అంత గుడ్డిది. పొద్దుటి నుంచి ఎడమ భుజం గుంజుతున్నా ఫికర్ చేయకుండా, ఉతికిన అంగీ తొడుక్కుని కాగితంతో బయలుదేరాడు.

ఆఫీసులో నేతగాళ్లంతా భుజాల మీద జంపఖానా చుట్టలతో నిలబడి ఉన్నారు. అది చూసైనా బుద్ధి రాలేదు.

"ఏదయ్యా నీ షత్రంజి?" అన్నాడు రాజేశ్వర్ రావు.

కాగితం బల్ల మీద పెట్టాడు. "ఇగో సార్. ఒక్క గడి గూడ రెండుసార్లు తొక్కలే. జర సూడుండ్రి."

"నేసింది తెమ్మంటే ఆడింది తెచ్చినవా?" రాజేశ్వర్ రావు పగలబడి నవ్వాడు. నేతగాళ్లూ నవ్వారు. అంత పేరున్న ఆటగాడు ఒక్క అంకె మీద కన్ను వేయలేదు. థూ, ఏం ఆటగాడు! గుర్రపోడు వెర్రివాడు, నిజమే. కానీ నవ్విన వాళ్లలో వాడి పాటి ఆట తెలిసినవాడు ఒక్కడూ లేడు.

"గలతైంది సార్. తెస్త," అన్నాడు సిద్దిరాములు. కాగితం వెనక్కి అడగడానికి నోరు రాలేదు.

ఇంటికొచ్చి, షత్రంజీని మగ్గం నుంచి కోసి తీయడానికి కూర్చున్నాడు. భాగ్యమ్మ మంచినీళ్లు తెచ్చేసరికి నేసిన మేర మీద చెంప ఆనించి ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేక చెంబు కింద పెట్టింది.

సాయంత్రం మొగిలమ్మ చావు కబురు చెప్పడానికి ఆఫీసుకు పోయేసరికి సారు వెళ్లిపోయాడు. బల్ల మీద కాగితం ఉంది, దాని మీద ఆయన తాగి పెట్టిన చాయ్ గ్లాసు ఉంది. గ్లాసు తీస్తే, అరవై నాలుగు అంకె చుట్టూ గుండ్రటి తడి మరక.