రెండు చుక్కలు పెట్టి చూసిన నాట్యం

పెళ్లిలో అకార్డియన్ మోగిందంటే చాలు, మా ఊళ్లో అందరూ చేతులు పట్టుకుని వలయంగా హోరో ఆడడానికి లేస్తారు. సాంస్కృతిక భవనం డైరెక్టరు పెంచో కరాజోవ్ మాత్రం మోకాలు పట్టుకుని మూలిగేవాడు. ఆ మోకాలి మీద జాలితో ఆడవాళ్లు ఆయన పళ్లెంలో చీజ్ పెట్టి కాల్చే పొరల రొట్టె, బానిత్స, ఒక ముక్క ఎక్కువే వేసేవారు.

భవనానికి వెబ్‌సైటు కావాలన్నప్పుడు ఆ పని లెక్కల టీచరు రుమ్యానా తీసుకుంది. సర్వర్ కూడా తనే రాస్తానంది. ఊరికే దొరికేవి బోలెడున్నాయి కదా అంటే, "పక్కింటి వంట తెచ్చి నా ఇంటికొచ్చినవాళ్లకి వడ్డిస్తానా?" అని ఎదురడిగింది.

ఆమె సర్వర్ పని చిన్నదే. అడ్రసులో స్లాష్ తర్వాత ఏ పేరుంటే ఆ పేరున్న ఫైలును "సైట్" అనే ఫోల్డర్‌లోంచి తీసి పంపడం. ఫోల్డర్ పేరే అడిగితే అందులో ఏమేం ఉన్నాయో కూడా చూపిస్తుంది. భవనంలో ఉన్నది ఒక్కటే కంప్యూటరు కాబట్టి, ఆ "సైట్" పక్కనే పెంచో సొంత ఫోల్డర్లూ ఉండేవి.

పక్క ఊరి అకార్డియన్ వాయిద్యకారుడు స్టమెన్‌కి చెయ్యి ఊరుకోదు. పెంచోతో కలిసి సైన్యంలో పనిచేసినవాడు. ఫైలు పేరులో రెండు చుక్కలూ ఒక స్లాషూ పెడితే "ఒక మెట్టు పైకి", అంటే ఉన్న ఫోల్డర్ దాటి బయటికి అని అర్థం. బ్రౌజర్‌లో కొడితే అది చుక్కల్ని తనే సర్దేస్తుందని, ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి అక్కణ్ణించి పంపాడు. అడిగాడు కదా పాపం అని సర్వర్ మెట్టెక్కి పెంచో ఫోల్డర్లు చూపించేసింది.

మర్నాడు స్టమెన్ ఫోను.

"ఒరేయ్ పెంచో, మోకాలెలా ఉందిరా?"

"ఎలా ఉంటుంది, చంపుతోంది."

"మరి ఆ మాప్ కర్ర నడుమెలా ఉంది?"

పెంచో చేతిలో కాఫీ ఒలికిపోయింది. తలుపేసి, కర్టెన్లు లాగి, నిక్కరు మీద మాప్ కర్రతో హోరో అడుగులు నేర్చుకుంటూ తీసి, తన ఫోల్డర్‌లో దాచుకున్న వీడియో స్టమెన్ చూసేశాడు. కర్ర నెత్తిన పూల రుమాలు. మధ్యమధ్య "అయ్యో, తొక్కేశానా? క్షమించండి మేడం" అని దానికి చెప్పుకోవడం కూడా వినిపిస్తుంది.

ఆయన పరుగున రుమ్యానా దగ్గరికెళ్లాడు. సంగతి విని ఆవిడ సర్వర్ చిట్టా తిప్పి, ఆ వీడియో కూడా తెరిచి చూసింది.

"ఏమండీ, నా గదికి తలుపు పెట్టడం మరిచారా?"

"తలుపుందండీ. ఆయన చుక్కలు పెట్టి మెట్టెక్కాడు."

"చుక్కలు పెడితే ఇంట్లోకొచ్చేస్తారా! అందులో నా పాస్‌పోర్టు కాపీ కూడా చూశాడేమో?"

"మీరు నిక్కరేసుకుని ఎగురుతుంటే పాస్‌పోర్టు ఎవరిక్కావాలండీ!"

ఇక దాచి లాభం లేదని పెంచో అసలు సంగతి చెప్పేశాడు. "నా పెళ్లిలో హోరో ముందుండి నడిపింది నేనే. కాలు మడతపడింది. వెనకాల చేతులు పట్టుకున్నోళ్లంతా వరసగా పడ్డారు. మా అత్తగారైతే చారు గిన్నెలో కూర్చుంది. అప్పట్నుంచి ఎవరు ఆడమన్నా నాకు మోకాలు నొప్పి."

రుమ్యానా నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. ఆ సాయంత్రమే అడ్రసులో రెండు చుక్కలూ స్లాషూ పక్కపక్కన కనిపిస్తే తిప్పి పంపేలా చేసింది.

స్టమెన్ ఈసారి స్లాష్‌కు వేషం వేశాడు. దాని బదులు శాతం గుర్తు, రెండు అంకె, ఎఫ్ అక్షరం; అడ్రసుల్లో అదీ స్లాష్ కిందే లెక్క. రుమ్యానా కోడు ముందు తనిఖీ చేసి, వేషం ఆ తర్వాత విప్పుతోంది. గడపలో సోదా అయ్యాక వచ్చినవాడు లోపల తీరిగ్గా పెట్టుడు మీసం తీశాడన్నమాట. పైగా ఈ అడ్రసు మామూలు బ్రౌజర్‌లోనూ తెరుచుకుంటుంది. స్టమెన్ దాన్ని ఊరంతటికీ పంపాడు.

భవనం తుడిచే గ్రాంకా పెంచో గది గుమ్మంలో నిలబడింది. "పొద్దున్నే నా మాప్‌కి రుమాలెవరు కడుతున్నారా అనుకున్నా. నాకో మాట చెప్తే ఉతికి పెట్టేదాన్ని కదా సార్!"

రుమ్యానాకు రోషం పొడుచుకొచ్చింది. అడ్రసులో చుక్క అన్నదే కనిపించకూడదని నిషేధం పెట్టేసింది. ప్రతి ఫోటో పేరులోనూ చుక్క ఉంటుందన్నది ఆ కోపంలో తట్టలేదు. గంట తిరక్కుండా పాటల బృందం ఆడవాళ్లు విరుచుకుపడ్డారు.

"సైట్‌లో మా మొహాలేవీ? ఆ మాప్ కర్ర మొహం అందరూ చూశారు, మావే పనికిరానివయ్యాయా?"

అప్పుడు రుమ్యానా టీ పెట్టుకుని కుదురుగా కూర్చుంది. ముందు వేషం విప్పడం, తర్వాత దారిని తిన్నగా సర్దడం, చివరికి అది తేలేది "సైట్" ఫోల్డర్ లోపలేనా అని చూడడం. లోపల కాకపోతే "దొరకలేదు" అని ఒకే మాట. ఫోటోలు తిరిగొచ్చాయి. స్టమెన్ రకరకాల వేషాలు వేసి చూసి, "మీ టీచరమ్మ గట్టిదిరా" అని ఒప్పుకున్నాడు.

ఆ శరదృతువులో మిరపకాయలు కాల్చే పండుగనాడు ఆడవాళ్లు పెంచోను కుర్చీలోంచి లేవదీశారు.

"అయ్యో, నా మోకాలు..."

"మీ మోకాలు మేమంతా చూశాం, రండి!"

ఆడాడు. అడుగు తప్పినప్పుడల్లా అలవాటుగా "క్షమించండి మేడం" అన్నాడు, పక్కనున్నది మేయరైనా సరే. స్టమెన్ జాలిపడి వాయింపు నెమ్మది చేశాడు. మేయరుగారి బూటు ఊడి ల్యూతెనిత్స పచ్చడి ఉడుకుతున్న కాగులో పడింది. అంతకుమించి నష్టం లేదు. పెంచో మాత్రం చెమటలు కారుతుంటే పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

సోమవారం ఆయన రుమ్యానా బల్ల ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఆ వీడియో... కనబడ్డం లేదని ముసలమ్మలు ఒకటే ఫోన్లు. సైట్‌లోనే పెట్టేయండి. చుక్కలూ వేషాలూ లేకుండా, తిన్నగా."

"పేరేం పెట్టమంటారు?"

"హోరో."

పెట్టింది, ఇంగ్లీషులో, అన్నీ చిన్నక్షరాల్లో. ఆ సర్వర్‌కు పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. ఊళ్లో సగంమంది మొదటి అక్షరం పెద్దది కొట్టి, దొరకలేదని డైరెక్టరుకే ఫోను చేస్తున్నారు. "చిన్నదమ్మా, చిన్న హెచ్... ఆఁ, వచ్చిందా? చివరిదాకా చూడండి, చివర్లో బాగా తిరుగుతాను" అని ఆయన ఓపిగ్గా చెబుతుంటాడు.