పొరల డబ్బా

రెండువేల ఇరవై ఐదు నవంబరు పదహారు, ఆదివారం ఉదయం, పలాస నుంచి పూండి వెళ్లే దారిలోని ఒక ఇంటి వసారాలో హాజరైనవారు ముగ్గురని కుటుంబ ఒప్పందపు కాగితం చెబుతోంది: పెద్ద కొడుకు తిరుమలరావు, చిన్న కొడుకు హేమంత్, వాళ్ల మేనమామ అసిరయ్య. చేతిరాత బాగుంటుందని అసిరయ్య కలాన్ని పెద్ద కోడలు ప్రమోదినికిచ్చి, తాను చెబుతూ రాయిస్తున్నాడు. ఎవరి గురించి రాయిస్తున్నాడో ఆ తల్లి రత్నాలమ్మ గడప పక్కన చాప మీద కూర్చుని జీడిపప్పు పొర తీస్తోంది. ఈ ఆడవాళ్లిద్దరూ హాజరైనవారి లెక్కలోకి రాలేదు.

"మతిమరుపు జబ్బుతో ఉన్న తల్లిని ఇకమీదట పెద్ద కుమారుడు తన ఇంట ఉంచుకొని చూచుకొనును" అన్న చోట ప్రమోదిని కలం ఆగింది.

టెక్కలి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఉద్యోగాన్ని ఆమె మూడేళ్ల కిందట వదులుకున్నది ఈ చూసుకోవడం కోసమే. అత్తగారంటే ఆమెకు విసుగు లేదు. తల దువ్వించుకుంటూ రత్నాలమ్మ పాడే కూనిరాగమంటే ఇష్టం కూడా. కాని తినిపించడం, తుడవడం, తోటల్లోకి వెళ్లిపోతే వెతికి తేవడం, అన్నీ ఆమెవే. భర్త కొబ్బరితాళ్ల దుకాణం ఆ ఇంటి ముందుగదిలోనే ఉంది. తల్లి మూలుగు వినిపిస్తే అతను అక్కడినుంచే, "అమ్మ పిలుత్తంది, సూడు" అని లోపలికి కేక వేసేవాడు. "ఇంట్లోనే ఉంటన్నావు కదా, నీకు పనేటుంటాది" అని ప్రేమగానే అనేవాడు. ఇప్పుడు కాలేజీవాళ్లు రేపటి నుంచి మళ్లీ రమ్మన్నారు. ఈ వాక్యానికి చుక్క పెడితే ఆ రేపు ఇక రాదు.

రత్నాలమ్మ పప్పును వాకిట్లో కోళ్లకు విసిరి, ఎర్రటి పొరను మాత్రం జాగ్రత్తగా బిస్కెట్ల రేకు డబ్బాలో వేసుకుంది. ఒకప్పుడు పప్పు విరగకుండా పొర తీయడంలో ఫ్యాక్టరీలో ఆమెకు సాటి లేరు. ఆమె కుదురుగా కూర్చుంటుందని ఆ పప్పు తెచ్చేది అదే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరైన హేమంతే.

"ఇలగ సేత్తే మా యజమాని సన్నాసుల్లో కలిసిపోతాడు" అని అతను నవ్వాడు.

ప్రమోదిని నవ్వలేదు. జీడిపిక్కలో పప్పు చుట్టూ ఈ పొర ఎందుకుంటుందని అసిరయ్యను అడిగింది. జీడితోటలో పుట్టి పెరిగిన మనిషి, పై డొల్లలోని చేదు రసం పప్పుకి అంటకుండా కావలి కాస్తుందని చెప్పాడు.

అప్పుడామె, అత్తగారు కునుకు తీసే మధ్యాహ్నాల్లో తాను ఫోనులో చదువుకున్నది చెప్పసాగింది. మెదడులో వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలుంటాయి. వాటి లోపలి గోడకు ఒకే వరసలో అతుక్కున్న కణాలు రక్తంలోంచి తిండిని లోపలికి పంపుతాయి, చెడును ఆపుతాయి, లోపలి చెత్తను బయటికి సాగనంపుతాయి. ఈ జబ్బులో ఇన్నాళ్లూ పరిశోధకులు ఎక్కువగా మన ఆలోచనలను నడిపే కణాలనే చూశారు. ఇప్పుడు ఈ కావలి కణాలనూ చూస్తున్నారు. అవి దెబ్బతింటే చెత్త పేరుకుంటుందని, లోపలి కణాలకు చేటని అనుకుంటున్నారు.

"అయితే అమ్మకి బాగవుద్దా, వదినా?" హేమంత్ నవ్వు ఆగిపోయింది.

"ఆ మందు ఇంకా రాలేదు, హేమంత్." ఆమె అసిరయ్య వైపు తిరిగింది. "ఈ ఇంటికి కావలి నేనొక్కదాన్నే, మావయ్యగారూ. నేనింకా సడలిపోలేదు. సడలకముందే చెబుతున్నాను. రేపు నేను కాలేజీకి వెళ్లాలి, తల దువ్వడంతో సహా ఈ పనులు అందరి పేరా పంచి రాద్దాం."

"మగోడు తల్లికి తల దువ్వుతాడేటమ్మా?" అసిరయ్య ఆమెను ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు.

రత్నాలమ్మ లేచి వచ్చి అతని అరచేతిలో పిడికెడు పొరలు పోసింది. "నలిపీకు తమ్ముడూ" అంది. ఆమె అతన్ని పోల్చుకోక చాలా కాలమైంది. తల్లి లేని అతనికి చిన్నప్పుడు తల దువ్వి బడికి పంపింది ఈ అక్కే. అతను పొరలు నలగకుండా చెయ్యి తెరిచే ఉంచాడు.

"నువ్వేటి రాయాలనుకున్నావో అదే రాయమ్మా."

తిరుమలరావు ముందుగది వైపు చూశాడు. "దుకాణం ముందుగదిలోనే కదా" అన్నాడు. "మజ్జానం అమ్మకి నేనెడతాను. ఏటి తింటాది?"

"పెరుగన్నం. మెత్తగా కలపాలి" అంది ప్రమోదిని. మూడేళ్లలో ఆ ప్రశ్న వినడం ఇదే మొదటిసారి. ఆమెకు కోపం రాలేదు. లోపలెక్కడో కిటికీ తెరిచినట్టయింది.

స్నానం తన పేర రాసుకుంది. పగటి తిండి, తల దువ్వడం, తోటదాకా తోడు వెళ్లడం భర్త పేర రాసింది. ఆదివారాలు హేమంత్ పేర రాసింది. ఆ తర్వాత కాగితం మొదటి వరసలో ముగ్గురన్నది కొట్టివేసి, హాజరైనవారు ఐదుగురని రాసి, అత్తగారి పేరూ తన పేరూ చేర్చింది. అందరూ సంతకాలు చేశారు. ఫ్యాక్టరీలో జీడి డొల్లల రసం ఏనాడో అరగదీసిన రత్నాలమ్మ బొటనవేలు గీతల్లేని మచ్చగా కాగితం మీద పడింది.

సిరా ఆరాక రత్నాలమ్మే ఆ కాగితాన్ని అందుకుని, పొరను తాకినంత మెల్లగా నాలుగు మడతలు పెట్టి, తన డబ్బాలో వేసి మూత బిగించింది. ప్రమోదిని దాన్ని తిరిగి అడగలేదు. ఆ డబ్బాలోంచి అత్తగారు ఇంతవరకూ ఏదీ పారేయలేదు.